ట్రాక్ మీదికి పోయే ముందు బ్రేకులు విప్పి చూశాను

దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగుతుంటే నాలుగో మలుపులోనో ఐదో మలుపులోనో బ్రేక్ పెడల్ మెత్తబడింది. కార్తీకమాసం. ముందు ఆర్టీసీ బస్సు, దాని ముందు ఇంకో రెండు బస్సులు. వాటి వెనక నేను బ్రేకు మీద కాలు పెట్టి అట్లే జారుతున్నాను. పక్క సీట్లో నాయిన. "ఏందిరా, ఏదో కాలుతున్న వాసన?" అన్నాడు. ముందు బస్సుది అన్నాను. ఆ తర్వాతి మలుపులో పెడల్ ఎప్పుడూ ఆగే చోట ఆగలేదు. ఇంకో రెండంగుళాలు కిందికి పోయింది. గుండె జారింది. గబగబా రెండుసార్లు తొక్కితే పట్టింది. కాస్త జాగా కనిపించగానే పక్కకు తీసి ఆపాను. చక్రాల దగ్గర నుంచి సన్నగా పొగ వస్తోంది. అరగంట కూర్చున్నాం. నాయిన ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ టెన్షన్ అయింది.

ఆ కారు గురించి చెప్పాలి. మాది నల్గొండ, ట్రాక్టర్ విడిభాగాల దుకాణం. నాకు చిన్నప్పటి నుంచి కార్ల పిచ్చి. 2016 చివర్లో ఫోక్స్‌వ్యాగన్ మన దేశంలోకి పోలో జీటీఐ అని ఒకటి తెచ్చింది. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 192 హార్స్‌పవర్, పక్కలకు రెండే తలుపులు. ధర పాతిక లక్షలకు పైనే. చూడటానికేమో ఊరంతా తిరిగే మామూలు పోలో! అందుకే పెద్దగా ఎవరూ కొనలేదు. నేను ఐదేళ్ల తర్వాత హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో పట్టుకున్నాను. "ఇన్ని పైసలు పెట్టి రెండు తలుపుల బండి తెచ్చినవా? మిగిలిన రెండు తర్వాత ఇస్తరా?" అని మా బావ ఇప్పటికీ అడుగుతాడు. దుకాణానికి వచ్చే పిల్లలు మాత్రం దాన్ని స్పోర్ట్స్ కారనే అంటారు. నేనూ కాదనను.

శ్రీశైలం నుంచి వచ్చిన వారానికి హైదరాబాద్ దోస్త్ ఫోన్ చేశాడు. జనవరిలో మద్రాస్ రేసు ట్రాక్ మీద ట్రాక్ డే ఉంది, పేరు రాయించనా అని. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ఆ ట్రాక్ గురించి చదవడమే గానీ చూసింది లేదు. 3.7 కిలోమీటర్ల చుట్టు, పన్నెండు మలుపులు. పోటీ కాదు, ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని పక్కన చెప్పేవాడిని కూర్చోబెట్టుకుని నడుపుకోవడమే. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక ఘాట్ రోడ్డు మీద కిందికి పోయిన పెడల్ గుర్తొచ్చింది.

మొదట నేను చేసింది, ఇలాంటి పిచ్చి ఉన్న ఎవడైనా చేసేదే. రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో పెద్ద డిస్కులు, రంధ్రాలు కొట్టిన డిస్కులు, ఎర్ర రంగు నాలుగు పిస్టన్ల కాలిపర్లు చూశాను. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్క్, దాన్ని ప్యాడ్లతో రెండు వైపులా నొక్కి పట్టేది కాలిపర్. మొత్తం లెక్క రెండు లక్షలు దాటింది. పొద్దున్నే ఆ బొమ్మలు పట్టుకుని చాచా దగ్గరికి పోయాను.

చాచా లారీల బ్రేక్ మేస్త్రి. నలభై ఏళ్లుగా ఆయన చేతికి ఆ నల్ల మరక పోలేదు. అద్దంకి రోడ్డు మీద తిరిగే లారీల్లో సగానికి ఏదో ఒక రోజు ఆయన బ్రేకులు చేసి ఉంటాడు. కార్లు ఆయన పని కాదు, కానీ మా దుకాణానికి రోజూ చాయ్‌కి వస్తాడు, నాకు పాన పట్టుకోవడం నేర్పింది ఆయనే. బొమ్మలన్నీ చూసి ఫోన్ తిరిగిచ్చాడు. "బేటా, ఇదంతా మంచిగుంది. ముందు నీ బండిల బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చిండ్రో చెప్పు."

చెప్పలేకపోయాను. సర్వీస్ బుక్ తీసి చూస్తే, పాత ఓనర్ కాలంలో ఒకసారి మార్చినట్టు ముద్ర ఉంది. నాలుగేళ్ల కిందటిది. రెండేళ్లకొకసారి మార్చాలని అదే పుస్తకంలో రాసి ఉంది.

"లారీల గాలి, నీ బండిల ఆయిల్. అంతే ఫరక్. వేడి మాత్రం రెండింటికీ ఒక్కటే," అన్నాడు చాచా. ఆయన చెప్పేది ఏమిటంటే, బ్రేకు బండిని ఆపదు, పరుగును వేడిగా మారుస్తుంది. ఆ వేడి ఎక్కడికి పోతుందో చూసుకోవాలి. ఇంటికొచ్చి పదో తరగతి ఫిజిక్స్ లెక్క కట్టాను. నాతో కలిపి కారు బరువు 1,350 కిలోలు అనుకుందాం. గంటకు 160 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తెస్తే సుమారు 11 లక్షల జౌళ్ల వేడి పుడుతుంది. అంటే మూడున్నర లీటర్ల చల్లటి నీళ్లను తెర్లబెట్టేంత. మన చాయ్ బండి వాడు గ్యాస్ పొయ్యి మీద పావుగంట పెట్టే గిన్నె అది. నేను దాన్ని మూడు నాలుగు సెకన్లలో, నాలుగు ఇనుప పళ్లేల మీద, అందులోనూ ఎక్కువ భాగం ముందు రెండింటి మీద పెడుతున్నాను. ఒక్కో చుట్టులో అలాంటివి నాలుగైదు. చల్లారడానికి మధ్యలో సమయం చాలదు. ఊర్లో పది రోజులు తిరిగినా డిస్కులు అంతగా వేడెక్కవు.

అందుకే రెండు లక్షల ఆలోచన ఆ పూటే పక్కన పెట్టి, ఉన్న బ్రేకులనే విప్పుదాం అనుకున్నాను.

ఆయిల్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే ఘాట్‌లో నన్ను మోసం చేసింది అదే. మనం ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలో ఉన్న తేమను పీల్చుకోవడం దాని గుణం. రబ్బరు పైపుల్లోంచి, మూత సందులోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పీలుస్తూనే ఉంటుంది. బ్రేక్ ద్రవాల్లో డాట్ 4 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీళ్లు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు, అందుకే కాలి బలం చక్రం దాకా చేరుతుంది. అదే మరిగి బుడగ కడితే ఆవిరి కుదించుకుపోతుంది. మనం తొక్కిన బలమంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది. పెడల్ మెత్తగా కిందికి పోతుంది. కాసేపు ఆగితే చల్లారి మళ్లీ పట్టినట్టు అనిపిస్తుంది, అందుకే చాలామంది "ఏం కాలేదులే" అని మళ్లీ బయల్దేరతారు. నేనూ ఆ రోజు అట్లే బయల్దేరాను.

ప్యాడ్లు వేడెక్కి పట్టు పోవడం వేరే సంగతి. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, రాయి మీద కాలు పెట్టినట్టు, కానీ బండి ఆగదు. ఈ రెండింటికీ తేడా కాలికి తెలియాలి, ఎందుకంటే మందు వేరు.

రేసుల కోసం చేసే ద్రవం తెప్పించాను. మోతుల్ ఆర్‌బీఎఫ్ 600. అదీ డాట్ 4 జాతిదే, కాబట్టి కారులోని రబ్బర్లకు ఇబ్బంది లేదు. కొత్తగా ఉన్నప్పుడు దాని మరిగే హద్దు 312 డిగ్రీలు. అరలీటరు డబ్బాలు మూడు. ఇక్కడ ఒక మాట. డాట్ 5 అని ఉన్నది చూసి, అంకె పెద్దదిగా ఉంది కదా అని కొనకండి. అది సిలికాన్, దీంతో కలవదు. డాట్ 5.1 వేరు, అది మళ్లీ గ్లైకాలే. ఈ పేర్లు పెట్టినవాడు ఎవడో గానీ మెకానిక్‌ల మీద పగతోనే పెట్టి ఉంటాడు. ఇంకా ఘోరం ఏమిటంటే బ్రేక్ డబ్బాలో ఇంజిన్ ఆయిల్ పోయడం. మా దుకాణంలోనే చూశాను, ఒక రైతు తన జీపుకు అట్లా పోసుకున్నాడు. రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి, పెడల్ బలాన్ని ద్రవంలోకి పంపే మాస్టర్ సిలిండర్‌తో సహా మొత్తం మార్చాల్సి వచ్చింది.

మా దుకాణం అల్మారాలో సగం వాడిన మామూలు డబ్బా ఒకటి ఉంది. పాతది బయటికి తోసేయడానికి మొదట దాన్ని వాడి, చివర్లో ఖరీదైనది పోద్దామని నా లెక్క. చాచా డబ్బా మూత తీసి చూసి, "ఎప్పుడు తెరిచినవ్?" అన్నాడు. ఎండాకాలంలో అన్నాను. "వానాకాలమంతా నీళ్లు తాగింది ఇది," అని పక్కన పెట్టించాడు. మూత తీసిన డబ్బాను దాచుకునే అలవాటు ఆ రోజుతో పోయింది.

పాత ద్రవాన్ని, గాలిని బయటికి తీయడాన్ని బ్లీడింగ్ అంటారు, దానికి ఒక్కో కాలిపర్ మీద నిప్పుల్ అనే చిన్న మర ఉంటుంది. ముందురోజు రాత్రే ఆ నాలుగు నిప్పుళ్ల మీద తుప్పు వదిలే మందు కొట్టి పెట్టాను. విరిగితే కాలిపర్ పోయినట్టే. పొద్దున్నే మెడికల్ షాపులో ఒక సెలైన్ పైపు కొన్నాను. నిప్పుల్‌కు సరిగ్గా బిగుస్తుంది, లోపల బుడగలు కళ్లకు కనబడతాయి. పైపు రెండో కొస నీళ్ల సీసాలో, అడుగున కొంచెం కొత్త ద్రవం పోసి, అందులో మునిగేట్టు పెట్టాలి. లేకపోతే పెడల్ వదిలినప్పుడు గాలి వెనక్కి పీలుస్తుంది.

పెడల్ తొక్కడానికి మనిషి కావాలి. మా ఇంటామె దొరికింది.

"తొక్కు."

"తొక్కిన."

"పట్టుకో... పట్టుకో... వదలకు." నేను నిప్పుల్ విప్పి, ద్రవం వచ్చాక మళ్లీ బిగించి, "ఇప్పుడు వదులు."

ఇట్లా ఒక్కో చక్రానికి పాతిక ముప్పై సార్లు. మధ్యలో వంటింట్లో కుక్కర్ కూత వినబడి ఆమె ఒకసారి చెప్పకుండానే వదిలేసింది. పైపులో ద్రవం వెనక్కి పరుగెత్తడం చూసి నేను కేకేశాను. "కూర మాడితే నువ్వు తింటవా?" అని ఆమె కేకేసింది. ఆ చక్రం మళ్లీ మొదటి నుంచి. పెడల్ కింద ఒక కర్రముక్క పెట్టమని చాచా ముందే చెప్పాడు. పాత మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ తిరిగేది కొంత దూరమే. ఆ అవతల ఏళ్ల నాటి మురికి, తుప్పు పేరుకుని ఉంటాయి. పెడల్‌ను నేల దాకా తొక్కితే సీలు ఆ గరుకు మీదికి పోయి చిరుగుతుంది. బాగున్న బ్రేకును బ్లీడింగ్ పేరుతో పాడు చేసుకున్నవాళ్లు చాలామంది ఇక్కడే చేసుకుంటారు.

ఏ చక్రంతో మొదలుపెట్టాలన్నది కారును బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం పైన బ్రేక్ ద్రవం డబ్బాలో మట్టం తగ్గకుండా చూడటం. అది ఖాళీ అయి గాలి పీల్చిందంటే, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ డబ్బాలోకి పోయిన గాలిని బయటికి తేవడానికి కంప్యూటర్ ఉన్నవాడి దగ్గరికి పోవాలి. నేను ప్రతి ఐదు తొక్కులకు ఒకసారి లేచి చూశాను, నడుం పోయింది. కారు రంగు మీద రెండు చుక్కలు పడితే వెంటనే నీళ్లతో కడిగాను. తుడిస్తే చాలదు, పెయింట్‌ను తినేస్తుంది.

మొదట వచ్చింది చూస్తే బాగా మరిగిన డికాషన్ లాగుంది. ముందు ఎడమ చక్రం నుంచి వచ్చింది ఇంకా నలుపు. చివరికి తేనె రంగు తేలేసరికి మధ్యాహ్నం రెండైంది. చాచా పోతూ పోతూ, "ముందు కాలిపర్లను రబ్బరు సుత్తితో తట్టు, మూలల్లో బుడగలు దాక్కుంటయి," అన్నాడు. ఆకలి మీద ఉన్నాను. ఆ మాట ఒక చెవిలోంచి పోయింది.

మర్నాడు ప్యాడ్లు. ముందు ఎడమ కాలిపర్ ఊడదీస్తే ఘాట్ రోడ్డు కథలో మిగిలిన సగం దొరికింది. లోపలి ప్యాడ్ అరిగి మూడు మిల్లీమీటర్లకు వచ్చింది. బయటిది ఏడు ఉంది. ఈ కారులో పిస్టన్ ఒకవైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను నొక్కితే, కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాగుతుంది. ఆ పిన్నుల్లో ఒకటి మట్టితో పట్టేసింది. అంటే లోపలి ప్యాడే మొత్తం పని చేసింది, వదిలాక కూడా సరిగ్గా వెనక్కి రాక డిస్క్‌ను రాస్తూ ఉంది. వేడి పుట్టదా మరి! పిన్నులు తీసి శుభ్రం చేసి, రబ్బరు బుష్‌లు కొత్తవి వేసి, సిలికాన్ గ్రీజు పలుచగా పూశాను. మా దుకాణంలో దొరికే ట్రాక్టర్ గ్రీజు ఇక్కడ పనికిరాదు, రబ్బరు ఉబ్బుతుంది. మొత్తం ఖర్చు వెయ్యి రూపాయల లోపు. రెండు లక్షల ఎర్ర కాలిపర్లు కొని ఉంటే ఈ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ప్యాడ్లు ముందు చక్రాలకు మాత్రమే మార్చాను, రోడ్డుకూ ట్రాక్‌కూ నడుమ రకం. కోయంబత్తూరులో ఒకాయన తెప్పించి ఇచ్చాడు, మూడు వారాలు పట్టింది. పూర్తి రేసు ప్యాడ్లు తీసుకోలేదు. అవి వేడెక్కితే గానీ పట్టవు. అదే ప్యాడ్లతో నేను ఐదువందల కిలోమీటర్లు పైగా రోడ్డు మీద పోవాలి. చల్లటి ఉదయం మిర్యాలగూడ దగ్గర గేదె అడ్డం వస్తే అది నా ప్యాడ్లు వేడెక్కే దాకా ఆగదు.

వెనక చక్రాల దగ్గర నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. ప్యాడ్లు చూడటానికి విప్పాను, తిరిగి పెట్టేటప్పుడు పిస్టన్‌ను లోపలికి నెట్టాలి. ముందు వాటిని సీ క్లాంప్‌తో నొక్కితే హాయిగా పోయాయి. వెనకది కదల్లేదు. ఇంకొంచెం బిగించాను. ఇంకొంచెం. అప్పుడే చాయ్ గ్లాసుతో వచ్చిన చాచా, "అరె అరె అరె!" అని గ్లాసు కింద పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. హ్యాండ్‌బ్రేక్ యంత్రం ఆ కాలిపర్ లోపలే ఉంటుంది. పిస్టన్‌ను మరలాగా తిప్పుతూ నెట్టాలి, దానికి వేరే పనిముట్టు ఉంటుంది. ఇంకో అరచుట్టు బిగించి ఉంటే లోపలి మరలు పోయేవి. లారీల మేస్త్రికి ఈ కారు సంగతి ఎట్లా తెలుసని అడిగితే, "కదలకపోతే బలం పెట్టొద్దు, ఎందుకు కదలలేదో చూడాలె," అన్నాడు. ఆయనకు కారు తెలియదు, ఇనుము తెలుసు.

డిస్కుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కనీస మందం ఎంత ఉండాలో డిస్క్ అంచునే చెక్కి ఉంటుంది. కొలిస్తే ఇంకా ఒకటిన్నర మిల్లీమీటర్లు మిగిలుంది, పగుళ్లు లేవు, ఉంచేశాను. రంధ్రాల డిస్కులు చూడటానికి బాగుంటాయి గానీ ట్రాక్ వేడికి ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. రబ్బరు పైపులు వంచి చూశాను, పగుళ్లు లేవు. చక్రాల బోల్టులు టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకు బిగించాను. అంతే.

కొత్త ప్యాడ్లు వేసి నేరుగా ట్రాక్ మీదికి పోకూడదు. వాటిని పదును పెట్టాలి. బాగా వేగంలో నుంచి గట్టిగా బ్రేకు తొక్కి, పూర్తిగా ఆగకుండానే వదిలి, మళ్లీ వేగం పెంచి, మళ్లీ తొక్కి, ఇట్లా పదిసార్లు. ప్యాడ్ లోపలి జిగురు పదార్థాలు కాలి ఆవిరైపోతాయి, డిస్క్ మీద ప్యాడ్ పదార్థం పలుచటి పొరలా సమంగా పరుచుకుంటుంది. ఆ పొర ఉంటేనే పట్టు. మధ్యలో వేడి మీద ఆపేసి కాలు తొక్కి పెట్టామంటే పొర ఒకచోట మందంగా అంటుకుంటుంది. తర్వాత తొక్కినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. "డిస్క్ వంకరపోయింది" అని మెకానిక్‌లు చెప్పే వాటిలో చాలావరకు ఇదే.

హైవే మీద ఇది చేయడం తప్పు, వెనక వచ్చేవాడి ప్రాణాలతో ఆట. కానీ మన జిల్లాలో దీనికి దేవుడిచ్చిన జాగా ఒకటుంది. వెంచర్లు! దేవరకొండ రోడ్డులో ఒక వెంచర్, వంద అడుగుల రోడ్డు, నడుమ ఎండిన ఈత చెట్లు, ఒక్క ఇల్లు లేదు. దాంట్లో మా బావకు రెండు ప్లాట్లు ఉన్నాయి కాబట్టి వాచ్‌మన్ తాతకు ముందే చెప్పి, తెల్లవారి ఆరింటికి పోయాను. మొదట నడిచి పోయి రోడ్డంతా చూసి వచ్చాను. 80 దాకా పోయి 20కి తేవడం. నాలుగోసారికి వాసన మొదలైంది, ఏడోసారికి కళ్లు మండేంత. ఎనిమిదోసారి పెడల్ కొంచెం పట్టు తప్పి, పదోసారికి ముందుకంటే బాగా పట్టింది. తర్వాత బ్రేకు ముట్టకుండా ఊరి చుట్టూ ఇరవై నిమిషాలు నడిపి చల్లార్చాను. తిరిగొచ్చాక తాత అడిగాడు, "గంతగనం ఉరికిచ్చి ఆపుడెందుకు కొడుకా? ఆపేటిదుంటే నిమ్మలంగ పోవచ్చు గద." దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

జనవరిలో ఒక శుక్రవారం తెల్లవారి నాలుగింటికి బయల్దేరాను. మిర్యాలగూడ, వాడపల్లి వంతెన, పిడుగురాళ్ల, అద్దంకి, అక్కడి నుంచి ఒంగోలు దగ్గర పెద్ద హైవే ఎక్కి నెల్లూరు మీదుగా. లారీల మధ్య ఆ ప్యాడ్లు చేసిన చప్పుడు గురించి చెప్పాలి. ప్రతి టోల్ గేటు దగ్గరా రైలు ఆగినట్టు కీచుమని అరిచాయి. టోల్ పిల్లవాడు ఒకడు కిటికీలోంచి తల బయటపెట్టి, "అన్నా, బ్రేకులు చూపించుకో," అన్నాడు.

ట్రాక్ దగ్గర పొద్దున్నే తనిఖీ. హెల్మెట్ చూశారు, టైర్లు చూశారు, పెడల్ తొక్కి చూశారు, బోల్టులు తట్టి చూశారు. కాలి కింది మ్యాటు తీసేయమన్నారు. డాష్‌బోర్డు మీద యాదగిరి నర్సింహస్వామి చిన్న విగ్రహం, అదీ తీయమన్నారు. ఊడి కాళ్ల కింద పడితే పెడల్‌కు అడ్డం పడుతుందట. దాన్ని రుమాలులో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాను.

మొదటి సెషన్ పావుగంట. స్ట్రెయిట్ అనే తిన్నటి దారి చివర ఎక్కడ బ్రేకు తొక్కాలో గుర్తుగా కోన్లు పెట్టారు. నేను భయంతో వాటికి ఎంతో ముందే మెల్లగా తొక్కడం మొదలుపెట్టి, మలుపు దాకా అట్లే లాగుతున్నాను. పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ రెండో ల్యాప్‌లో చెప్పాడు, ఇంత మెల్లగా తొక్కితేనే బ్రేకులు చస్తాయని. ఆలస్యంగా, గట్టిగా, తక్కువసేపు తొక్కి వదిలేస్తే డిస్క్‌కు మిగతా దూరమంతా గాలి తగులుతుంది. చాలాసేపు లాగితే ప్యాడ్ డిస్క్‌ను వదలదు, వేడి కాలిపర్‌లోకి, అక్కడి నుంచి ద్రవంలోకి పాకుతుంది. శ్రీశైలం ఘాట్‌లో బస్సు వెనక నేను చేసింది కూడా ఇదే కదా అనుకున్నాను. ఇంకో సంగతి ఆయనే చెప్పాడు. ఈ కారులో ఎక్స్‌డీఎస్ అని ఒక ఏర్పాటు ఉంది. మలుపులో లోపలి చక్రం ఉత్తగా తిరగకుండా కంప్యూటరే దాని బ్రేకు పట్టుకుంటుంది. అంటే నేను యాక్సిలరేటర్ తొక్కుతున్నప్పుడు కూడా నా ముందు బ్రేకులు పని చేస్తూనే ఉన్నాయి. మలుపు మధ్యలో తొందరపడి గ్యాస్ తొక్కితే ఆ వేడి కూడా నా ఖాతాలోనే పడుతుంది.

చివరి ల్యాప్ బ్రేకు ముట్టకుండా నెమ్మదిగా తిరిగి, చల్లార్చి లోపలికి వచ్చాను. ఇంజిన్ ఆపి, అలవాటు కొద్దీ హ్యాండ్‌బ్రేక్ సర్రున లాగాను. ఇన్‌స్ట్రక్టర్ నా చెయ్యి మీద కొట్టినంత పని చేశాడు. వేడి మీద పట్టి ఉంచితే ప్యాడ్ పొర ఒకచోటే అంటుకుంటుంది కదా. వెంటనే వదిలి, గేరును పార్కింగ్‌లో పెట్టి, చక్రం కింద రెండు ఇటుకముక్కలు పెట్టాను. దుకాణం నుంచి తెచ్చిన వేడి కొలిచే గన్‌తో చూస్తే ముందు డిస్కులు ఇంకా 290 చూపించాయి. కరోనాప్పుడు నుదుటికి పెట్టిన గన్‌లు దీనికి పనికిరావు, ఫ్యాక్టరీల్లో వాడేవి కావాలి.

రెండో సెషన్ మధ్యలో పెడల్ అర అంగుళం కిందికి పోయింది. ఘాట్‌లో పోయినంత కాదు, కానీ నా కాలికి ఇప్పుడు తెలుసు. వెంటనే చెయ్యి పైకెత్తి, నెమ్మదిగా లోపలికి తెచ్చాను. 312 డిగ్రీల ద్రవం పోసి, పిన్నులు బాగు చేసి, ఇంత చేశాక మళ్లీ ఇదేంటని నీరసం వచ్చింది. చాచాకు ఫోన్ చేశాను.

"సుత్తితోని తట్టినవా?"

నేను మాట్లాడలేదు.

"తట్టలే. ఎడమది విప్పు."

చల్లారేదాకా గంటసేపు ఆగి, దోస్త్‌ను పెడల్ మీద కూర్చోబెట్టి, కాలిపర్‌ను స్పానర్ పిడితో తడుతూ నిప్పుల్ విప్పాను. సెలైన్ పైపులో ఆవగింజలంత బుడగలు మూడు, ఒకదాని వెనక ఒకటి, తీరిగ్గా వచ్చాయి. మూత తీయని డబ్బా ఒకటి వెంట తెచ్చుకోవడం ఆ రోజు నేను చేసిన ఒకే ఒక తెలివైన పని. తర్వాతి రెండు సెషన్లూ పెడల్ రాయిలా నిలబడింది. సాయంత్రానికి కోన్ల దాకా పోయి తొక్కగలిగాను. ల్యాప్ టైం అడగకండి, ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి వచ్చాక ఆ అరిచే ప్యాడ్లు తీసి, డబ్బాలో చుట్టి అల్మారాలో పెట్టాను. వాటి స్థానంలో కంపెనీవి కొత్తవి వేశాను. వెంచర్ తాత దగ్గరికి మళ్లీ పోయి పదును పెట్టాను.

శివరాత్రికి రెండు రోజుల ముందు నాయిన మళ్లీ శ్రీశైలం అన్నాడు. దేవరకొండ, డిండి మీదుగా పోయి, మన్ననూరు చెక్‌పోస్టు తెరిచే వేళకు అడవిలోకి చేరాం. దోమలపెంట దాటగానే గేరును మాన్యువల్‌లోకి మార్చి రెండులో పెట్టాను. ఇంజిన్ గొణుగుతూ బండిని పట్టుకుంది. మలుపుల దగ్గర మాత్రం ఒకసారి తొక్కి వదిలేస్తూ దిగుతున్నాను. ముందు మళ్లీ ఆర్టీసీ బస్సే. కాలిన వాసన దానిదే, ఈసారి నిజంగానే. నాయిన చాలాసేపు నా కాళ్ల వైపు చూసి అడిగాడు.

"బ్రేకు తొక్కుతలేవేందిరా? గంత ఖర్చు పెడ్తివి గద!"